సరిహద్దులు మూసేస్తే బీమా సొమ్ము వస్తుందా?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కొవిడ్ రోజుల్లో ఆగిపోయిన ప్రయాణాల క్లెయిముల గురించి, మళ్లీ అలాంటిదే వస్తే ఏం చేయాలన్న దాని గురించి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబిస్తున్నాం. షరతులు కంపెనీని బట్టి, దేశాన్ని బట్టి మారతాయి. అందుకే మీ పాలసీ పుస్తకాన్ని పక్కన పెట్టుకుని చదవండి.

ప్రశ్న: మేం వెళ్లాల్సిన దేశం మహమ్మారి కారణంగా సరిహద్దులు మూసేసింది. హోటల్‌వాళ్లు డబ్బు తిరిగి ఇవ్వమన్నారు. ‘మీ కారణం పాలసీలో లేదు’ అంటూ బీమా కంపెనీ కూడా క్లెయిమ్ తిప్పికొట్టింది. ఇంతకంటే పెద్ద కారణం ఏముంటుంది?

జవాబు: కారణం ఎంత పెద్దదన్నది బీమాలో లెక్కకు రాదు. అది పాలసీలో రాసి ఉందా లేదా అన్నదే చూస్తారు. మామూలు ప్రయాణ పాలసీలో రద్దు విభాగం కింద ఒక జాబితా ఉంటుంది. ప్రయాణికుడికి గానీ, దగ్గరి కుటుంబ సభ్యుడికి గానీ తీవ్రంగా జబ్బు చేయడం, మరణం, ఇల్లు కాలిపోవడం, వరద పాలవడం, కోర్టు సమన్లు రావడం, కొన్నిటిలో ఉద్యోగం పోవడం. ఆ జాబితాలో ప్రభుత్వ నిషేధం అన్న మాట లేకపోతే ఒక దేశం తలుపులు వేసుకున్నా, లోకమంతా వేసుకున్నా ఫలితం ఒకటే. పైగా చాలా పాలసీల్లో ప్రభుత్వ ఆదేశాలు, ఆంక్షల వల్ల కలిగే నష్టం మాకు సంబంధం లేదని మినహాయింపుల పేజీలో విడిగా రాసే ఉంటుంది. ‘వెళ్లడానికి భయమేసింది’ అన్నది మామూలు పాలసీల్లో ఎక్కడా కారణం కాదు.

కంపెనీల వైపు లెక్క కూడా తెలిస్తే పాలసీ చదవడం తేలికవుతుంది. వెయ్యి మంది ప్రీమియం కడితే అందులో కొద్దిమందికే కష్టం వస్తుంది, అదీ తలా ఒక సమయంలో వస్తుంది అన్న నమ్మకం మీదే బీమా నడుస్తుంది. ఒకరి కాలు విరిగితే పక్కవాడి కాలు విరగదు. మహమ్మారిలో వెయ్యి మంది ప్రయాణాలూ ఒకే వారంలో ఆగుతాయి. అందుకే 2003లో సార్స్ అనే శ్వాసకోశ అంటువ్యాధి వచ్చి వెళ్లాక అంటువ్యాధుల మినహాయింపు చాలా పాలసీల్లోకి ఎక్కింది. అంటువ్యాధులకు కవర్, అంటే బీమా రక్షణ, కావాలంటే విడిగా కొనుక్కోవాలి. 2020లో వింబుల్డన్ టెన్నిస్ రద్దయినప్పుడు నిర్వాహకులకు బీమా సొమ్ము అందిందంటే, అంటువ్యాధి కవర్‌కు వాళ్లు ఏళ్ల తరబడి ప్రీమియం కడుతూ రావడమే కారణం.

కొవిడ్ తరువాత కంపెనీలు చాలావరకు ఒక మధ్యేమార్గం పట్టాయి. ఆ జబ్బు మీకు సోకితే మిగతా జబ్బుల్లాగే చూస్తాయి, చికిత్స ఖర్చూ రద్దు నష్టమూ ఇస్తాయి. దేశం మూసేస్తే మాత్రం ఇవ్వవు. మీ పాలసీ ఏ రకమో తెలుసుకోవాలంటే బ్రోషర్ పక్కన పడేసి పూర్తి షరతుల పత్రం తెరవండి. నిర్వచనాలు, రద్దు విభాగం, ఆ విభాగానికే ఉన్న మినహాయింపులు, చివర్లో పాలసీ మొత్తానికి వర్తించే సాధారణ మినహాయింపులు, ఈ నాలుగు చోట్లా చూడాలి. చాలామంది మూడింటితో ఆగిపోతారు. కొంప ముంచేది నాలుగోదే. ఫోన్‌లో పత్రం తెరిచి ‘అంటువ్యాధి’, ‘మహమ్మారి’, ‘క్వారంటైన్’, ‘ప్రభుత్వ’, ‘ముందే తెలిసిన’ అన్న అర్థం వచ్చే మాటలు ఒక్కొక్కటిగా వెతికితే పది నిమిషాల పని.

ప్రశ్న: కొవిడ్‌ను మహమ్మారి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న అంది. మా బంధువు ఫిబ్రవరి మధ్యలోనే పాలసీ తీసుకున్నాడు. అయినా ‘ముందే తెలిసిన సంఘటన’ అని తోసిపుచ్చారు. ఇది న్యాయమేనా?

జవాబు: న్యాయమా అన్నది వేరే చర్చ. పాలసీ భాష ప్రకారం మాత్రం వాళ్ల వాదన నిలబడే అవకాశమే ఎక్కువ. మహమ్మారి అన్న మాట ఏ రోజు వాడారన్నది బీమాకు గీత కాదు. ఆ ముప్పు జనానికి తెలిసిన రోజు గీత. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30నే అంతర్జాతీయ ప్రజారోగ్య అత్యవసర స్థితి ప్రకటించింది. అంతకు ముందు వారంలోనే జబ్బు మొదట బయటపడ్డ చైనా నగరం వుహాన్‌ను దిగ్బంధించారు. చాలా కంపెనీలు జనవరి చివర్లో తమ తమ తేదీలు వేసుకుని, ‘ఈ రోజు తరువాత కొన్న పాలసీలకు దీనివల్ల కలిగే నష్టం వర్తించదు’ అని వెబ్‌సైట్లలో పెట్టేశాయి. ఫిబ్రవరి మధ్య అంటే ఆ గీత దాటాకే.

మీ బంధువుకు ఒక దారి ఉంది. తన కంపెనీ ఏ తేదీన ఆ నోటీసు పెట్టింది, ఏ దేశాల గురించి పెట్టింది అన్నది రాతపూర్వకంగా అడగాలి. నోటీసులో ఒక దేశం పేరే ఉండి ఆయన వెళ్లాల్సింది మరో ఖండానికైతే, లేదా నోటీసే పాలసీ అమ్మిన తరువాత పెట్టిందైతే, వాదించడానికి బలం ఉంటుంది.

ఇంకో మెలిక ఉంది. ఏటా ఒకసారి కట్టే బహుళ ప్రయాణాల పాలసీల్లో పాలసీ కొన్న తేదీతో పాటు ఆ ప్రయాణం బుక్ చేసిన తేదీ కూడా చూస్తారు. పాలసీ ఆరు నెలల కిందటిదైనా, టికెట్లు వార్త వచ్చాక కొన్నవైతే ఆ ప్రయాణానికి కవర్ ఉండకపోవచ్చు. టికెట్ ముందు కొని, హోటల్ వార్త వచ్చాక బుక్ చేస్తే టికెట్‌కు ఇచ్చి హోటల్‌కు ఇవ్వని సందర్భాలూ ఉంటాయి. అందుకే ప్రతి బుకింగ్ రసీదు మీదా తేదీ కనబడాలి.

ప్రశ్న: బయల్దేరడానికి కొద్ది రోజుల ముందు పాజిటివ్ వస్తే ఏ వరుసలో ఏం చేయాలి? ఇంట్లో కిట్‌తో చేసుకున్న పరీక్ష చాలదా?

జవాబు: చాలదు. కిట్ మీద రెండో గీత కనబడినా దానిమీద మీ పేరు ఉండదు, తేదీ ఉండదు. ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. రిపోర్టులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. శాంపిల్ తీసుకున్న రోజూ సమయమూ ఉండాలి. ఆ తరువాత డాక్టరును కలిసి ‘ఫలానా తేదీన ప్రయాణించే స్థితిలో లేరు’ అని రాయించుకోండి. ‘విశ్రాంతి అవసరం’ అన్న మాట క్లెయిమ్‌కు పనికిరాదు. ప్రయాణ తేదీ అందులో స్పష్టంగా పడాలి. ముఖ్యంగా, ఆ సర్టిఫికెట్ తేదీ మీరు టికెట్ రద్దు చేసిన తేదీ కంటే తరువాతది కాకూడదు. ముందు రద్దు చేసి, వారం తరువాత డాక్టరు దగ్గరికి వెళ్లిన క్లెయిములు ఈ ఒక్క కారణంతోనే పడిపోతుంటాయి.

సర్టిఫికెట్ చేతికి రాగానే అదే రోజు విమానం, హోటల్, టూర్ వాళ్లకు రద్దు మెయిల్ పెట్టండి. బీమా కంపెనీకీ అప్పుడే తెలపండి. 72 గంటల్లోగా తెలపాలని కొన్ని పాలసీలు అంటాయి. ‘తగ్గిపోతుందేమో చూద్దాం’ అని ఆగితే ఎలా నష్టపోతారో లెక్కతో చూద్దాం. కరెన్సీ ఏదైనా లెక్క ఇదే.

ప్రయాణానికి మొత్తం 2,00,000. అందులో టికెట్లు 80,000, హోటల్ 70,000, టూర్ 50,000. విమాన సంస్థ పన్నులు 15,000 తిరిగి ఇచ్చింది కాబట్టి టికెట్ల నష్టం 65,000. హోటల్ వాళ్లు 72 గంటల ముందు చెబితే సగమే పట్టుకుంటారు, ఆ తరువాత చెబితే మొత్తం పోతుంది. టూర్ డబ్బు పూర్తిగా పోయింది. మీకు 5 రోజుల ముందు పాజిటివ్ వచ్చింది, మీరు ఒక రోజు ముందు రద్దు చేశారు. హోటల్‌లో మీకు పోయింది 70,000. కంపెనీ ఒప్పుకునేది 35,000, ఎందుకంటే తెలిసిన రోజే రద్దు చేసి ఉంటే అంతే పోయేది. అంటే 65,000, 35,000, 50,000 కలిపి 1,50,000. అందులో మీరు భరించాల్సిన మొదటి భాగం, అంటే డిడక్టబుల్, 5,000 అనుకుంటే చేతికి వచ్చేది 1,45,000.

ఇప్పుడు టూర్ వాళ్లు ‘వచ్చే ఏడాది వాడుకోండి’ అని 50,000కు క్రెడిట్ నోట్ ఇస్తే, మీరు తీసుకుంటే, ఆ నష్టం జరగనట్టే లెక్క. వచ్చేది 95,000కు పడిపోతుంది. ప్రీమియం తగ్గుతుందని ప్రయాణ ఖర్చును 1,50,000 అనే చూపించి ఉంటే, కొన్ని పాలసీలు ఆ నిష్పత్తిలో, అంటే 75 శాతమే చెల్లిస్తాయి. క్రెడిట్ నోట్ తీసుకోకపోయినా 1,50,000 కాస్తా 1,12,500 అవుతుంది, డిడక్టబుల్ పోగా 1,07,500. ప్రీమియంలో మిగిల్చుకున్నదానికి ఇది చాలా ఖరీదైన పొదుపు.

ప్రశ్న: విదేశంలో ఉండగా పాజిటివ్ వచ్చి హోటల్‌లో క్వారంటైన్‌లో పెడితే ఆ గది అద్దె, తిండి ఖర్చు బీమా ఇస్తుందా? నాతో వచ్చినవాళ్ల సంగతేమిటి?

జవాబు: ఇక్కడ మూడు విభాగాలు కలగాపులగం అవుతాయి, విడదీసుకోవాలి. డాక్టరు, మందులు, ఆసుపత్రి అన్నీ వైద్య ఖర్చుల విభాగం కిందికి వస్తాయి. దీని పరిమితి పెద్దది. గది అద్దె, తిండి వచ్చేది ప్రయాణ ఆలస్యం విభాగం కింద. దీని పరిమితి చాలా చిన్నది. వాడుకోకుండా మిగిలిపోయిన టూర్ రోజులు, కొత్త రిటర్న్ టికెట్ వచ్చేది ప్రయాణ అంతరాయం విభాగం కింద. ‘వైద్యానికి లక్ష డాలర్ల కవర్ ఉంది కదా’ అని ధీమాగా హోటల్‌లో ఉండిపోయినవాళ్లకు అసలు షాక్ బిల్లు పెట్టాకే తగులుతుంది.

ఉదాహరణకు ఆలస్యం విభాగంలో రోజుకు 100, గరిష్ఠంగా 5 రోజులు అని ఉందనుకోండి. మిమ్మల్ని 10 రోజులు ఉంచారు, రోజుకు 180 అయింది. ఖర్చు 1,800. చేతికి వచ్చేది 500. కొవిడ్ తరువాత కొన్ని కంపెనీలు క్వారంటైన్‌కు విడిగా యాడ్‌-ఆన్ పెట్టాయి. దాన్ని కొనేటప్పుడు రోజుకెంత, ఎన్ని రోజులు అన్న రెండు అంకెలూ అడగండి. మొత్తం పరిమితి ఒక్కటే చెప్పి ఊరుకుంటే అనుమానించాలి.

ఇక క్వారంటైన్ అన్న మాటకు పాలసీ ఇచ్చే అర్థం మనం అనుకునేది కాదు. ‘మీకు జబ్బు ఉంది’ అనో ‘సోకిన వ్యక్తికి దగ్గరగా ఉన్నారు’ అనో మీ పేరు మీద డాక్టరు గానీ ఆరోగ్య అధికారి గానీ ఇచ్చిన ఆదేశానికే చాలా పాలసీలు చెల్లిస్తాయి. దేశంలో దిగిన ప్రతి ఒక్కరినీ 14 రోజులు ఉంచడం, ఊరంతా లాక్‌డౌన్ పెట్టడం ఇందులోకి రావు. కాబట్టి అధికారి నుంచి మీ పేరుతో ఉన్న కాగితం తీసుకోండి. నోటి మాటతో, హోటల్ రిసెప్షన్‌లో అతికించిన నోటీసుతో పని జరగదు. తోటి ప్రయాణికులకు నెగెటివ్ వచ్చి, వాళ్లు మీ కోసం ఆగిపోతే వాళ్ల ఖర్చు సాధారణంగా రాదు. వాళ్ల పేరు మీద కూడా దగ్గరి కాంటాక్టు అన్న ఆదేశం ఉంటే, పాలసీ ఆ మాటను ఒప్పుకుంటే వస్తుంది.

ఆసుపత్రిలో చేరాల్సి వస్తే చేరకముందే, కుదరకపోతే చేరిన 24 గంటల్లో, పాలసీ మీద ఉన్న అసిస్టెన్స్ నంబరుకు ఫోన్ చేయండి. క్యాష్‌లెస్ ఏర్పాటు చేసేది వాళ్లే. కేసు నంబరు రాసుకోండి. వాళ్ల అనుమతి లేకుండా అంబులెన్స్ విమానం మాట్లాడుకుంటే ఆ ఖర్చు మీ నెత్తినే పడుతుంది. మరో సంగతి, పాలసీ గడువు ఈ మధ్యలోనే ముగిసిపోతుందేమో చూడండి. మీ చేతిలో లేని కారణంతో ఆగిపోతే కొన్ని పాలసీలు కొన్ని రోజులు వాటంతట అవే పొడిగిస్తాయి. మిగతావాటిలో గడువు ముగియకముందే అడగాలి. ముగిశాక అడిగితే కొత్త పాలసీ ఇస్తారు, అందులో అప్పటికే ఉన్న జబ్బు ముందునుంచీ ఉన్న జబ్బు కింద మినహాయింపులోకి పోతుంది.

ప్రశ్న: విమానాన్ని కంపెనీయే రద్దు చేసింది. రీఫండ్ అడిగితే వోచర్ తీసుకోమంటోంది. బీమాకు వెళ్లాలా, విమాన సంస్థ వెంట పడాలా?

జవాబు: ముందు విమాన సంస్థ వెంటే. వేరే చోట రాబట్టుకోగల డబ్బుకు బీమా చెల్లించదు. విమానం వాళ్లే రద్దు చేస్తే డబ్బు రూపంలో రీఫండ్ అడిగే హక్కు చాలా దేశాల చట్టాల్లో ఉంది. యూరోపియన్ యూనియన్‌లో 261/2004 నిబంధన ప్రకారం 7 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. ప్రయాణికుడు ఒప్పుకుంటేనే వోచర్. ప్యాకేజీ టూర్ అయితే అక్కడ గడువు 14 రోజులు. అమెరికాలో 2024లో తెచ్చిన నియమం ప్రకారం క్రెడిట్ కార్డుతో కొన్నవాటికి 7 పనిదినాలు, మిగతావాటికి 20 రోజులు. మహమ్మారిలో విమానం రద్దయితే యూరప్‌లో నష్టపరిహారం (టికెట్ డబ్బు కాక అదనంగా ఇచ్చేది) రాకపోవచ్చు గానీ, రీఫండ్ మాత్రం రావాల్సిందే. ఈ రెంటినీ కలిపేసి ‘అసాధారణ పరిస్థితి కదండీ, ఏమీ రాదు’ అనే కౌంటర్ మాట నమ్మకండి.

ఒక తప్పు చాలామంది చేస్తారు. విమానం రద్దవుతుందని తెలిసి, ఇంకా అధికారికంగా ప్రకటించకముందే తామే టికెట్ రద్దు చేసేస్తారు. దాంతో అది ప్రయాణికుడు మానుకున్నట్టు అవుతుంది, రీఫండ్ హక్కు పోతుంది. మీకు జబ్బు లేకపోతే, వేరే గడువేదీ తరుముకు రాకపోతే, వాళ్లు రద్దు చేసేదాకా ఆగడమే మేలు. హోటల్ ఉచిత రద్దు గడువు మాత్రం ఈలోగా దాటిపోకుండా చూసుకోండి.

రీఫండ్ రాకపోతే, కార్డుతో కట్టి ఉంటే, ‘సేవ అందలేదు’ అన్న కారణంతో బ్యాంకుకు చార్జ్‌బ్యాక్, అంటే కార్డు చెల్లింపును వెనక్కి తెప్పించమన్న అభ్యర్థన, పెట్టండి. రద్దు మెయిల్, మీరు రీఫండ్ అడిగిన మెయిల్, వాళ్ల జవాబు జత చేయాలి. వోచర్ ఒప్పుకున్నాక చార్జ్‌బ్యాక్ నిలవదు, బీమా క్లెయిమూ నిలవదు. వోచర్ ఇచ్చిన సంస్థ మూతపడితే ఆ కాగితానికి విలువే ఉండదు. రెండు విమానాలు విడివిడి టికెట్లుగా కొని, మొదటిది రద్దయి రెండోది తప్పిపోతే, రెండో టికెట్ నష్టానికి విమాన సంస్థలు బాధ్యత తీసుకోవు. ఆ ఒక్క ముక్కకే మీకు బీమా పనికొస్తుంది, అదీ కనెక్షన్ తప్పిపోవడం జాబితాలో ఉంటేనే.

ప్రశ్న: ‘ఏ కారణంతోనైనా రద్దు చేసుకోవచ్చు’ అన్న పాలసీకి ఎక్కువ కట్టడం దండగా?

జవాబు: మామూలు రోజుల్లో చాలామందికి దండగే. మహమ్మారి లాంటి అనిశ్చితిలో, డబ్బు ముందే కట్టి వెనక్కి రాని పెద్ద ప్రయాణానికి మాత్రం భయానికీ సరిహద్దు మూతకీ దొరికే దాదాపు ఒకే ఒక కవర్ ఇది. ప్రధానంగా అమెరికాలో అమ్ముతారు, అన్ని దేశాల్లో దొరకదు. పేరు చూసి మోసపోకండి. మొత్తం డబ్బు రాదు, 50 నుంచి 75 శాతం వస్తుంది. మొదటి అడ్వాన్సు కట్టిన 14 నుంచి 21 రోజుల్లోపు కొనాలి. వెనక్కి రాని ఖర్చు మొత్తానికీ బీమా చేయాలి. బయల్దేరే సమయానికి కనీసం 48 గంటల ముందే రద్దు చేయాలి. విమానాశ్రయానికి వెళ్లే దారిలో మనసు మారితే పైసా రాదు. మామూలు ప్రీమియం మీద 40, 50 శాతం దాకా అదనం పడుతుంది. హోటల్ ఉచితంగా రద్దయ్యేదైతే, టికెట్‌కు తేదీ మార్చుకునే వీలుంటే దీన్ని కొనకండి. కాస్త ఎక్కువ పెట్టి రద్దయ్యే గది తీసుకోవడమే చాలాసార్లు చవక.

ప్రశ్న: మా ప్రభుత్వం ‘ఆ దేశానికి వెళ్లొద్దు’ అని సలహా ఇచ్చింది. విమానాలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. వెళ్తే బీమా ఉన్నట్టా, లేనట్టా?

జవాబు: చాలా పాలసీల్లో లేనట్టే. బ్రిటన్‌లో అయితే పాలసీలు విదేశాంగ శాఖ సలహాతో నేరుగా ముడిపడి ఉంటాయి. 2020 మార్చి 17న అత్యవసరం కాని ప్రయాణాలు ఏ దేశానికీ వద్దని ఆ శాఖ చెప్పింది. దాంతో అప్పటికే పాలసీ ఉన్నవాళ్లలో చాలామందికి రద్దు క్లెయిమ్ హక్కు వచ్చింది, ఆ తరువాత బయల్దేరినవాళ్లకు కవరే పోయింది. ఒకే వాక్యం ఇద్దరికి రెండు రకాలుగా పనిచేసింది. అమెరికా మార్చి 19న లోకమంతటికీ నాలుగో స్థాయి, అంటే ‘ప్రయాణించొద్దు’ అన్న అత్యున్నత హెచ్చరిక ఇచ్చింది గానీ, అక్కడి మామూలు పాలసీల్లో హెచ్చరిక ఒక్కటే రద్దుకు కారణం కాదు.

చూడాల్సింది ఏమిటంటే, కవర్ పోయేది ఆ జబ్బుకు సంబంధించినంతవరకేనా, మొత్తంగానా అన్నది. మొత్తంగా అయితే అక్కడ కాలు జారి పడినా మీ ఖర్చే. మీరు అక్కడ ఉండగా సలహా మారితే వెంటనే కవర్ పోదు, తిరిగి వచ్చేయడానికి కొంత గడువు ఇస్తారు. ఆ గడువెంతో అసిస్టెన్స్ నంబరుకు మెయిల్ పెట్టి రాతలో తెప్పించుకోండి. బయల్దేరే రోజు ఉదయం ప్రభుత్వ సలహా పేజీని తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి దాచండి.

ప్రశ్న: వీసా కోసం తీసుకున్న బీమా ఉండగా మళ్లీ వేరే పాలసీ ఎందుకు?

జవాబు: షెంగెన్ వీసాకు (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) అడిగేది కనీసం 30,000 యూరోల వైద్య కవర్, స్వదేశానికి చేర్చే ఖర్చుతో కలిపి. ఆ నిబంధనలో రద్దు, ఆలస్యం, క్వారంటైన్ ఊసే లేదు. చవగ్గా దొరికే వీసా పాలసీలు చాలావరకు అంతవరకే ఇస్తాయి. వీసా ఆఫీసుకు అది చాలు, ఆగిపోయిన ప్రయాణానికి చాలదు.

ప్రశ్న: క్రూయిజ్‌కు వెళ్తున్నాం. మామూలు పాలసీ సరిపోతుందా?

జవాబు: 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకోహామా దగ్గర డైమండ్ ప్రిన్సెస్ ఓడను ఆపేసినప్పుడు అందులో 3,711 మంది ఉన్నారు. 700 మందికి పైగా జబ్బు సోకింది. ఓడలో జబ్బు వస్తే ఏమవుతుందో ఆ రెండు అంకెలు చెబుతాయి. క్రూయిజ్ కవర్‌ను చాలా కంపెనీలు విడిగా అమ్ముతాయి. అందులో నాలుగు చూడండి: గదిలో బంధించి ఉంచితే రోజుకు ఎంత, ఆగాల్సిన రేవు తప్పిస్తే ఎంత, ఓడలో డాక్టరు బిల్లుకు వైద్య కవర్ వర్తిస్తుందా, సముద్రం మధ్య నుంచి తరలించడానికి పరిమితి ఎంత. చివరిదాంట్లో పిసినారితనం వద్దు. ఓడ వైద్యుడి బిల్లు అప్పటికప్పుడు మీ ఖాతాలో రాసేస్తారు, దిగేటప్పుడు కట్టాలి. మందుల పేర్లు, రోగ నిర్ధారణ ఉన్న పూర్తి బిల్లు దిగేలోపే అడిగి తీసుకోండి. ఇంటికి వచ్చాక తెప్పించుకోవడం తల ప్రాణం తోకకు వచ్చే పని.

ప్రశ్న: క్లెయిమ్ తిరస్కరించారు. ఇక వదిలేయడమేనా?

జవాబు: మొదటి తిరస్కరణతో వదిలేయకండి. మహమ్మారి సమయంలో కుప్పలుగా వచ్చిన దరఖాస్తుల్ని చాలాచోట్ల ఒకే మూసలో తిప్పి పంపారు. ఏ పేజీలో, ఏ సంఖ్య గల నిబంధన కింద తిరస్కరించారో ఆ నిబంధన పూర్తి పాఠంతో సహా రాసి పంపమని అడగండి. అది రాగానే మీ పాలసీ కొన్న రోజున అమల్లో ఉన్న ప్రతితో పోల్చండి. కంపెనీలు షరతుల పత్రాన్ని మారుస్తూ ఉంటాయి. కొత్త ప్రతిలోని నిబంధన చూపించి పాత పాలసీ క్లెయిమ్ తిరస్కరిస్తే అది నిలవదు. పత్రం కింద అంచున ప్రతి సంఖ్య, నెల, సంవత్సరం చిన్న అక్షరాల్లో ఉంటాయి, అక్కడ చూడండి.

మీ ఉత్తరం ఒక పేజీ దాటనివ్వకండి. కోపం అందులో వద్దు. పాలసీ నంబరు, క్లెయిమ్ నంబరు, తేదీల వరుస (పాలసీ కొన్నది, బుక్ చేసింది, పరీక్ష చేయించింది, సర్టిఫికెట్ తీసుకున్నది, రద్దు చేసింది), ఆ తరువాత ‘మీరు చూపిన ఫలానా నిబంధన ఫలానా కారణంతో నాకు వర్తించదు’ అన్న ఒకటి రెండు వాక్యాలు, చివర్లో ఎంత రావాలో లెక్క. కాగితాలకు నంబర్లు వేసి జత చేయండి. విమాన సంస్థ, హోటల్ ఎంత ఇచ్చాయో, ఇవ్వలేదో వాళ్ల దగ్గరి నుంచే రాయించుకున్న పత్రం ఉండాలి. ఎక్కువ క్లెయిములు ఆగిపోయేది దాని కోసమే.

కంపెనీ ఫిర్యాదుల విభాగం తుది జవాబు ఇచ్చాక, లేదా నిర్ణీత గడువులో ఇవ్వకపోతే, మీ దేశంలో ఉన్న బీమా ఓంబుడ్స్‌మన్ (పాలసీదారుల ఫిర్యాదులు విచారించే అధికారి) లేదా నియంత్రణ సంస్థకు వెళ్లొచ్చు. తుది జవాబు అందిన తేదీ నుంచి గడువు మొదలవుతుంది, కాబట్టి ఆ ఉత్తరమూ మెయిలూ పారేయకండి. షరతు రెండు రకాలుగా అర్థమయ్యేలా ఉంటే రాసినవాడికి వ్యతిరేకంగా, పాలసీదారుకు అనుకూలంగా చదవాలన్న సూత్రాన్ని చాలా దేశాల కోర్టులు పాటిస్తాయి. ‘క్వారంటైన్’, ‘అంటువ్యాధి’ లాంటి మాటలకు నిర్వచనం ఇవ్వకుండానే వాడిన పాలసీలైతే ఆ సూత్రాన్ని ఉత్తరంలో తప్పక ఎత్తి చూపండి.

ప్రశ్న: కొవిడ్ రోజుల్లో పరీక్ష రిపోర్టు గడువు దాటిందని విమానం ఎక్కనివ్వలేదు. క్లెయిమ్ వస్తుందా?

జవాబు: రాదు. వీసా లేకుండా వెళ్తే ఎలాగో ఇదీ అలాగే, కాగితాల బాధ్యత ప్రయాణికుడిదే. పరీక్ష ఫీజు కూడా రాదు. అప్పట్లో ‘72 గంటల్లోపు’ రిపోర్టు అన్నది కొన్ని దేశాలు శాంపిల్ తీసిన సమయం నుంచి, కొన్ని రిపోర్టు వచ్చిన సమయం నుంచి లెక్కించాయి. ముగింపు కూడా కొన్నిటికి విమానం బయల్దేరే సమయం, కొన్నిటికి దిగే సమయం అయ్యేది. ఎక్కువగా తప్పింది ఇక్కడే.

ప్రశ్న: ప్రయాణాన్ని ఎనిమిది నెలలు వాయిదా వేశాం. పాత పాలసీ పనికొస్తుందా, ప్రీమియం తిరిగి అడగొచ్చా?

జవాబు: బయల్దేరకముందు, క్లెయిమ్ ఏదీ పెట్టకముందు అయితే చాలా కంపెనీలు తేదీలు మారుస్తాయి. అడగాల్సింది పాత ప్రయాణ తేదీ రాకముందే, రాతలోనే. మార్చాక పాలసీ కొన్న తేదీ పాతదే ఉంటుందా, కొత్తగా లెక్కిస్తారా అని తప్పక అడగండి. కొత్తగా లెక్కిస్తే ఈలోగా మొదలైన అంటువ్యాధి ముందే తెలిసిన సంఘటన అయిపోతుంది, ఈలోగా మీకు వచ్చిన బీపీ, షుగరు ముందునుంచీ ఉన్న జబ్బులు అవుతాయి. ప్రీమియం పూర్తిగా తిరిగి వచ్చేది పాలసీ కొన్న కొద్ది రోజుల పరిశీలన గడువులోపే. ఆ తరువాత రద్దు కవర్ అప్పటికే అమల్లో ఉన్నట్టు లెక్క కాబట్టి, వైద్య భాగం ప్రీమియం మాత్రమే వెనక్కి ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. విడగొట్టి అడిగితేనే ఇస్తారు.